ఇల్లు బాగుచేసే హీరోలు, మన ఇళ్ల సంగతులు

పోయిన నెల ఈ పేజీలో ఒక అమెరికా టీవీ సినిమా గురించి రాశాను. భర్త పోయిన అమ్మాయి, చేతికొచ్చిన ఒక పాత ఇల్లు, దాన్ని బాగుచేయడానికి వచ్చిన కాంట్రాక్టరు, గోడలకి రంగులు ఆరేసరికి ఇద్దరికీ ప్రేమ. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అని మనం భయపెట్టుకునే రెండు పనులూ వాళ్లు గంటన్నరలో తేల్చేశారు. సినిమా మామూలుదే, మొదటి పది నిమిషాల్లో చివర ఏమవుతుందో తెలిసిపోతుంది, అయినా ఈమధ్య దేని మీదా ఇన్ని ఉత్తరాలు రాలేదు, అందులోనూ ఎక్కువ మన శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచే. సినిమా గురించి అడిగినవాళ్లు తక్కువ. ఆ వంకన సొంత ఇంటి సంగతి అడిగినవాళ్లే ఎక్కువ. పేర్లన్నీ తీసేశాను.

ప్రశ్న: మేడమ్, మా ఆయన పోయి రెండేళ్లయింది. నిద్ర పట్టని రాత్రుళ్లు ఫోన్‌లో ఇలాంటి సినిమాలే చూస్తుంటాను. అన్నీ ఒకే కథ అని తెలుసు, అయినా ప్రతిసారీ ఏడుపొస్తుంది. మా అమ్మాయి చూసి నవ్వుతుంది. నాకేమైనా అయిందంటారా? — ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: ఏమీ కాలేదమ్మా. ఒకే కథ కాబట్టే మీరు ధైర్యంగా చూడగలుగుతున్నారు, మధ్యలో ఎవరూ హఠాత్తుగా చచ్చిపోరని మీకు గ్యారంటీ ఉంది. ఇలాంటి సినిమాలకి పెద్ద పేరు హాల్‌మార్క్ చానల్‌ది. 1910లో పోస్టుకార్డుల వ్యాపారంగా మొదలై, తర్వాత గ్రీటింగ్ కార్డులతో పెద్దదైన కంపెనీ వాళ్లది, ఆ పేరుతో చానల్ 2001 నుంచి ఉంది. కథ అమెరికాలో చిన్న ఊళ్లో జరుగుతున్నట్టు చూపిస్తారు గానీ చాలావాటిని కెనడాలో, రెండు మూడు వారాల్లో తీసేస్తారు. ప్రకటనలతో కలిపి రెండు గంటలు, అవి తీసేస్తే గంటన్నర కూడా ఉండదు. ఏడ్చే సీనుకి ఎంత టైమివ్వాలో, ప్రకటన ఎక్కడ పడాలో ముందే లెక్క వేసుకుని రాస్తారు.

ఒక సంగతి గమనించారా? ఈ సినిమాల్లో చావు ఎప్పుడూ సినిమా మొదలవకముందే అయిపోయి ఉంటుంది. ఆస్పత్రి వరండా ఉండదు, పన్నెండో రోజు భోజనాలు ఉండవు, డెత్ సర్టిఫికెట్ జిరాక్సులు పట్టుకుని బ్యాంకు చుట్టూ తిరగడం ఉండదు. అవన్నీ దాటేసి, చుట్టాలు వెళ్లిపోయి, అందరూ ‘ఇంకా ఏంటి’ అన్నట్టు చూడడం మొదలుపెట్టిన దగ్గర మొదటి సీన్ పెడతారు. అంటే సరిగ్గా మీరిప్పుడున్న చోట. ఏడుపు రాక ఏమవుతుంది?

దుఃఖానికి ఐదు మెట్లుంటాయని, అవి ఎక్కేస్తే అయిపోతుందని అందరూ చెబుతుంటారు. ఎలిజబెత్ క్యూబ్లర్ రాస్ అనే డాక్టరు 1969లో ఆ ఐదూ చెప్పింది చావు దగ్గరపడిన రోగుల గురించి, వెనక మిగిలినవాళ్ల గురించి కాదు. నాకు నచ్చిన మాట వేరే ఉంది. మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అని నెదర్లాండ్స్ పరిశోధకులు 1999లో చెప్పిందేమిటంటే, మనిషి పోయినవాళ్లు కాసేపు ఆ బాధలో ఉంటారు, కాసేపు కరెంటు బిల్లు, పిల్లల ఫీజు, ఊడిపోయిన గడియ లాంటి పనుల్లో పడతారు, మళ్లీ బాధలోకి వస్తారు, ఈ రాకపోకలే మామూలు అని. ఆ రకంగా చూస్తే, ఏడుస్తూ ఏడుస్తూ లేచి గోడకి రంగు వేసే హీరోయిన్ మరీ అబద్ధమేమీ కాదు.

ఏడాది దాటినా తిండి సయించకపోవడం, గుమ్మం దాటాలనిపించకపోవడం, ఆయనతోపాటు నేనూ పోతే బాగుండుననిపించడం, ఇవి రోజూ ఉంటే మాత్రం సినిమాతో సరిపెట్టుకోకండి. 14416కి ఫోన్ చేయండి, టెలీ మానస్ అని ప్రభుత్వానిదే, డబ్బులు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. అమ్మాయి నవ్వితే నవ్వనివ్వండి, ఈసారి పక్కన కూర్చోబెట్టుకుని చూడండి.

ప్రశ్న: మాది విజయనగరంలో పాత పెంకుటిల్లు. మా ఆవిడ పోయి ఎనిమిది నెలలు. వంటగదిలోకి వెళ్లాలంటే కాళ్లు ఆడట్లేదు. మీరు చెప్పిన సినిమాలోలా వంటగదికి, హాలుకి మధ్య గోడ కొట్టించేసి ఒకటే చేద్దామనుకుంటున్నాను. మా అబ్బాయి మొత్తం పడగొట్టి అపార్ట్‌మెంట్‌కి ఇచ్చేద్దాం అంటాడు. మా అక్క సంవత్సరీకం అయ్యేదాకా మేకు కూడా కొట్టొద్దంటుంది. — రిటైర్డ్ ఉద్యోగి

జవాబు: ముందు గోడ సంగతి, ఎందుకంటే మీరు ఈపాటికి గునపం తెప్పించి ఉంటారేమోనని నాకు టెన్షన్‌గా ఉంది. అమెరికాలో మామూలు ఇళ్లకి చెక్క ఫ్రేము నిలబెట్టి దానికి జిప్సం పలకలు కొడతారు. హీరో సుత్తితో ఒక్కటిస్తే గోడకి చిల్లు పడేది అందుకే, పైగా హీరోయిన్ చేతికి సుత్తిచ్చి ‘నీ కోపమంతా తీర్చుకో’ అంటాడు కూడా. అక్కడైనా కప్పు బరువు మోసే గోడల్ని అలా ముట్టుకోరు. మీది సున్నంతో కట్టిన ఇటుక గోడ, దాని మీద దూలం, దూలం మీద వాసాలు, వాటి మీద పెంకు బరువంతా ఉంటుంది. కొట్టడానికి ముందు పైన బరువుకి పోట్లు పెట్టాలి, గోడ తీసిన చోట బీము వేయాలి. ఇంజినీరు వచ్చి చూడకుండా ఒక్క ఇటుక కూడా తీయించకండి. రంగుల విషయంలోనూ అంతే, పాత సున్నం గోడలకి ప్లాస్టిక్ పెయింటు వేస్తే లోపలి చెమ్మ బయటికి రాలేక పొక్కులు పొక్కులుగా లేస్తుంది, వాటికి సున్నమే మంచిది. ఇక ఓపెన్ కిచెన్ అంటారా, మెత్తళ్లు వేపిన రోజు మీకే తెలుస్తుంది.

మీ అక్కగారి మాట చాదస్తం అనుకోకండి. ఏడాది తిరిగేదాకా కొత్త ఇల్లు మొదలుపెట్టొద్దు, శుభకార్యాలొద్దు అన్నది మన చాలా ఇళ్లలో ఉన్నదే. దాన్ని మైల అని నమ్మినా నమ్మకపోయినా, దుఃఖంలో ఉన్న మనిషి చేత తొందరపడి సంతకాలు పెట్టించకుండా అది అడ్డుపడుతుంది. కారుతున్న కప్పు సర్దించుకోండి, ఊడిన పెంకు మార్పించుకోండి, అది రిపేరు. పడగొట్టడం, అమ్మడం, డెవలప్‌మెంట్‌కి ఇవ్వడం మాత్రం సంవత్సరీకం తర్వాత మాట్లాడదామని మీ అబ్బాయికి చెప్పండి.

మీ ఉత్తరం చివర వెనకపేజీలో ఒక ముక్క రాశారు, వంటగది తలుపు లోపలివైపు మీ ఆవిడ గ్యాస్ బండ మార్చిన తేదీలన్నీ పెన్సిల్‌తో రాసి ఉన్నాయని. గోడ పోతే ఆ తలుపేమవుతుందని మీ బెంగ. తలుపుకి బందులు ఊడదీస్తే వస్తుంది సార్. దానికి పాలిష్ పట్టొద్దని వడ్రంగికి గట్టిగా చెప్పి, మీ గదికి బిగించుకోండి. చివరి తేదీ కింద మీరు మొన్న మార్చిన బండ తేదీ కూడా రాసుకోవచ్చు, ఎలాగూ అది గుర్తుపెట్టుకోవాల్సిన పని ఇప్పుడు మీదే.

ప్రశ్న: మాది ఉద్దానం, కవిటి దగ్గర ఊరు. నాన్న కిడ్నీ జబ్బుతో ఏళ్ల తరబడి తీసుకుని తీసుకుని మూడేళ్ల క్రితం పోయారు. డయాలసిస్‌కి తిప్పింది, మందులిచ్చింది, నీళ్లు కొలిచి ఇచ్చింది అంతా అమ్మే. 2018లో తిత్లీకి పెంకులు లేచిపోతే రేకులు వేసి సర్దుకున్న ఇల్లు, ఇప్పుడు అమ్మ బాగుచేయిస్తోంది. టైల్స్ వేస్తున్న మేస్త్రీకి కూడా భార్య లేదు. ఊళ్లో మాటలు మొదలయ్యాయి. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మీరు రాసిన సినిమా నేనూ చూశాను, హీరోయిన్‌కి తోడు దొరికితే సంతోషపడ్డాను. కానీ సంక్రాంతికి ఇంటికెళ్తే, నాన్నకి నీళ్లు కొలిచిన చిన్న స్టీలు గ్లాసులో అమ్మ అతనికి టీ పోసి ఇచ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఇప్పటికీ సరిగ్గా మాట్లాడట్లేదు. అమ్మకి 47. నేను అంత చెడ్డదాన్నా?

జవాబు: చెడ్డదానివేం కాదు తల్లీ. సినిమాలో హీరోయిన్‌కి ఏడేళ్ల పాప ఉంటుంది, హీరో ఒక ఐస్‌క్రీమ్ కొనిపెడితే ఆ పాప ఒప్పేసుకుంటుంది. ఉద్యోగం చేసే కూతురు, అత్తవారివైపు చుట్టాలు, కుళాయి దగ్గర చెవులు కొరుక్కునే వీధి, ఇవేవీ ఆ సినిమాల్లో ఉండవు. అక్కడ సంతోషపడడం తేలిక.

గ్లాసు సంగతికొద్దాం. నాన్న గుర్తుని అమ్మ తుడిచేసిందని నువ్వు అనుకున్నావు. డయాలసిస్ మీదున్న మనిషికి ఒంట్లో నీరు సరిగ్గా బయటికి పోదు, డాక్టరు చెప్పిన కొలతకి మించి ఇస్తే కాళ్లు వాస్తాయి, ఆయాసమొస్తుంది, ప్రాణం మీదికే వస్తుంది. ఉద్దానం ఎండల్లో దాహంతో నోరు పిడచకట్టుకుపోయి ‘ఇంకొక్క గుక్క’ అని అడిగిన మొగుడికి లేదు అని చెప్పిన చెయ్యి అది, అన్నేళ్లూ, ఆ గ్లాసుతోనే. అదే గ్లాసు ఇప్పుడు ఒక మనిషికి అంచుదాకా నింపి ఇచ్చింది. ఆవిడకి అది ఎలా అనిపించిందో నాకు తెలీదు, నీకూ తెలీదు. చేతికందింది కాబట్టి తీసిందేమో కూడా. ఊహించుకుంటూ కూర్చోకుండా అడుగు. గ్లాసు గురించే అడుగు, మేస్త్రీ గురించి కాదు.

అసలు ఇక్కడ ఏమీ లేకపోవచ్చు. మేస్త్రీ టీ తాగాడు, అంతే. ఈ సినిమాల మీద నాకున్న పెద్ద ఫిర్యాదు ఇదే, ఒక ఆడది తన ఇంటి కప్పు తను వేయించుకోవడాన్ని అవి ఊరికే వదిలిపెట్టవు, ఆ కప్పు వేసినవాడితో ప్రేమలో పడితే తప్ప వాటికి ఇల్లు పూర్తయినట్టు కాదు. మీ ఊరి వీధి చేస్తున్నది కూడా అదే పని కదా. మగవాడు ఇల్లు బాగుచేయించుకుంటే సిమెంటు రేటు అడుగుతారు, ఆడది చేయిస్తే మేస్త్రీ పెళ్లాం సంగతి అడుగుతారు. మీ అమ్మ ఏళ్ల తరబడి రోగి మంచం చుట్టూ తిరిగిన గది అది. ఆ నేల మార్చుకోవాలనిపించడానికి ఇంకో కారణం అక్కర్లేదు.

ఒకవేళ నిజంగానే ఏదో ఉంటే? మన వైపు ఇదేం కొత్త మాట కాదు. వితంతు వివాహాలకి 1856లోనే చట్టం వచ్చింది, 1881 డిసెంబరులో వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి పెళ్లి చేయించారు, 1892లో మన విజయనగరంలోనే కన్యాశుల్కం ఆడారు. అయితే ఆ నాటకంలో బుచ్చమ్మ దగ్గర చేరి వితంతు వివాహం మీద లెక్చర్లు దంచినవాడు గిరీశం, వాడెలాంటివాడో మనకి తెలుసు. కాబట్టి ఈ మనిషి ఎలాంటివాడు, తాగుతాడా, అప్పులేమైనా ఉన్నాయా, అతని పిల్లలేమంటున్నారు అని వాకబు చేయడంలో తప్పు లేదు, చేసి తీరాలి. ‘ఈ వయసులో నీకెందుకు’ అన్న మాట మాత్రం నోట్లోంచి రానివ్వకు. 47 ఏం వయసని?

ఇక ఆస్తి. మళ్లీ పెళ్లి చేసుకుంటే భర్త ఆస్తి పోతుందని ఊళ్లో ఎవరో ఒకరు అంటారు. అది 1856 చట్టంలో మాట. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భర్త నుంచి మీ అమ్మకి వచ్చిన వాటా పూర్తిగా ఆవిడదే, తర్వాత పెళ్లి చేసుకున్నా వెనక్కి పోదు. ఇల్లు నాన్న సొంత సంపాదనై, వీలునామా రాయకపోతే, అమ్మకి, పిల్లలందరికీ, నాన్న పోయేనాటికి నాన్నమ్మ ఉంటే ఆవిడకీ సమాన వాటాలు. టైల్స్‌కి లక్షలు పోసేముందు ఆ కాగితాలు సరిచేసుకోండి, తర్వాత గొడవలుండవు. అమ్మకి కుటుంబ పింఛను గానీ వితంతు పింఛను గానీ వస్తుంటే, పెళ్లితో అది ఆగిపోయే అవకాశం ఉంది, ముందే ఆఫీసులో కనుక్కోండి. ఇది అమ్మతో కూర్చుని మాట్లాడడానికి నీకొక మంచి వంక కూడా.

ప్రశ్న: ప్రేమలు సరే మేడమ్, ఆ సినిమాల్లో కాంట్రాక్టరు అడ్వాన్స్ తీసుకుని మాయమైపోడెందుకు? మావాడు స్నానాలగది సగం తవ్వేసి పోయాడు, ఫోనెత్తట్లేదు. — పార్వతీపురం

జవాబు: చెప్పిన రోజుకి, చెప్పిన టైముకి, కాఫీ కూడా తనే తెచ్చుకుని వచ్చే కాంట్రాక్టరు! నన్నడిగితే ఆ సినిమాల్లో ప్రేమకంటే నమ్మశక్యం కానిది అదే. మీ వాడు ఇంకెక్కడో పని ఒప్పుకుని ఉంటాడు, అక్కడ అడ్వాన్స్ అయిపోగానే వస్తాడు, ఈలోగా పైపుల నోళ్లకి గుడ్డలు కుక్కండి, మట్టి పడితే అదొక ఖర్చు. వచ్చాక కొత్తగా డబ్బు ఇవ్వకుండా, మిగిలిన పనెంత, దానికి ఎంత, ఏ పని అయ్యాక ఎంత ఇస్తారు అని కాగితం మీద రాసి సంతకం పెట్టించుకోండి. చివర కొంత మొత్తం ఆపి, నీళ్లు వదిలి, గోడ అవతల చెమ్మ రావట్లేదని చూసుకున్నాక ఇవ్వండి.