వరద తీశాక వంతెన కింద ఏముంది?

ప్రశ్న: 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు కట్ట కోసుకుపోయింది. అలాంటి వరద తీశాక వంతెన పైకి బాగానే ఉంటే, కింద కూడా బాగున్నట్టేనా? డ్రోన్ ఎగరేసి చూస్తే సరిపోదా?
– ఒక పాఠకుడు, కోవూరు

జవాబు: సరిపోదు. డ్రోన్ తీసిన వందలాది ఫొటోలను కలిపి కంప్యూటరు వంతెనకు త్రిమితీయ నమూనా తయారుచేస్తుంది. సన్నని పగుళ్లూ, పక్కకు జరిగిన బేరింగులూ (స్తంభంపై వంతెన ఆనే దిమ్మెలు) అందులో కనిపిస్తాయి. అయితే వరదల్లో వంతెనలు ఎక్కువగా దెబ్బతినేది స్తంభం చుట్టూ ఇసుక లేచిపోయి గుంత పడటం వల్ల. పెన్న లాంటి ఇసుక నదిలో, ఉధృతి తగ్గగానే కొట్టుకొచ్చిన ఇసుకే ఆ గుంతను పూడ్చేస్తుంది కాబట్టి, తరవాత వెళ్లి చూసినవారికి అడుగు సమంగానే కనిపిస్తుంది, కానీ ఆ వదులు ఇసుకకు పాత పట్టు ఉండదు. అందుకే స్తంభానికి ముందే సోనార్ (శబ్ద తరంగాలతో నీటి లోతు కొలిచే పరికరం) బిగించి, నీళ్లు పారుతుండగానే గుంత లోతును నమోదు చేయాలి. కంపనాలను కొలిచే సెన్సర్లు మరో ఆధారం: పునాది పట్టు సడలితే వంతెన సహజ కంపన వేగం తగ్గుతుంది. వరదకు ముందటి కొలత లేకపోతే మాత్రం దీన్ని పోల్చి చూడటం కష్టం. నా దృష్టిలో మనం ఎక్కువగా నిర్లక్ష్యం చేసేది ఈ ముందటి కొలతనే.

ఇక ఉపగ్రహాల సంగతి. 2022 ఫిబ్రవరి 14న మన పొరుగున ఉన్న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఈఓఎస్-04 లాంటి రాడార్ ఉపగ్రహాలు మబ్బుల్లోనూ, రాత్రిపూటా ముంపును చూడగలవు. పొర్లుకట్ట ఎక్కడ తెగిందో తేల్చడానికి అవి పనికొస్తాయి, నీటి అడుగున స్తంభాన్ని మాత్రం చూపలేవు.