డాక్టర్ సలహా: షుగర్ మాత్ర వేసుకున్నాక భోజనం ఆలస్యమైతే?

ప్రశ్న: మా వారికి 62 ఏళ్లు. చాలా ఏళ్లుగా షుగర్ ఉంది. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్, వోగ్లిబోజ్ మూడూ కలిసిన మాత్ర ఉదయం టిఫిన్‌కు ముందు, రాత్రి భోజనానికి ముందు వేసుకుంటారు. బీపీకి మెటోప్రొలాల్ వాడుతున్నారు. మొన్న వేసవిలో రోమ్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి దగ్గరికి వెళ్లాం. ఒకరోజు ఊరంతా తిరిగి, రాత్రికి వాళ్ల వీధిలోనే ఉన్న చిన్న రెస్టారెంట్‌కి వెళ్లాం. ఆయన అలవాటు ప్రకారం ఇంట్లోనే మాత్ర వేసుకుని బయల్దేరారు. వడ్డించేసరికి గంట దాటింది. ఈలోగా అబ్బాయితో కలిసి ఓ గ్లాసు వైన్ తాగారు. ఉన్నట్టుండి ఒళ్లంతా చెమటలు పట్టి, మాట తడబడింది. వైన్ పడలేదేమో అనుకున్నాం. రెస్టారెంట్ ఆవిడ పరుగున చక్కెర నీళ్లు తెచ్చి తాగించింది. అయినా తేరుకోవడానికి చాలాసేపు పట్టింది. అక్టోబర్‌లో మళ్లీ వెళ్తున్నాం. ఇక బయట తినడం మానేయాలా?
- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మానేయక్కర్లేదమ్మా. కొడుకుతో కలిసి వాళ్ల వీధి హోటల్లో కూర్చుని తినడం కోసమే కదా అంత దూరం వెళ్లేది. ముఖ్యంగా మార్చుకోవాల్సింది మాత్ర వేసుకునే సమయం.

మీరు రాసినదాన్ని బట్టి ఆయనకు షుగర్ బాగా పడిపోయి ఉండాలి. దీన్ని హైపోగ్లైసీమియా అంటాం. ఆయన వేసుకునే మాత్రలోని మూడు మందుల్లో ఈ పని చేసేది ముఖ్యంగా గ్లిమెపిరైడ్. తిన్నా తినకపోయినా అది క్లోమం నుంచి ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తూనే ఉంటుంది. మన దగ్గర మాత్ర వేసుకున్న కాసేపటికి కంచం ముందుకొస్తుంది కాబట్టి ఇబ్బంది తెలియదు. రోమ్‌లో చాలా రెస్టారెంట్లు రాత్రి ఏడున్నర దాటితే గానీ తెరవవు. కూర్చున్నాక నీళ్లు, బ్రెడ్డు, ఆ తర్వాత ఆర్డరు, అప్పుడు వంట. అక్కడ ఎవరికీ తొందర ఉండదు. ఆ పద్ధతి మంచిదే, కానీ ముందే మాత్ర వేసుకున్న మనిషికి అది ప్రమాదం.

దానికి మరో రెండు కారణాలు తోడయ్యాయి. రోజంతా నడిస్తే కండరాలు చక్కెరను ఎక్కువగా వాడుకుంటాయి. నడక ఆపాక కూడా కొన్ని గంటల పాటు అది కొనసాగుతుంది. రెండోది వైన్. రక్తంలో చక్కెర తగ్గినప్పుడు కాలేయం కొత్తగా చక్కెర తయారుచేసి ఆదుకోవాలి. మద్యం ఆ పనికి అడ్డుపడుతుంది. ఖాళీ కడుపుతో తాగితే మరీనూ. ఒక్కోసారి ఆ ప్రభావం అర్ధరాత్రి నిద్రలో బయటపడుతుంది. అన్నిటికన్నా నాకు భయం కలిగించేది వేరే ఉంది. షుగర్ పడిపోయిన మనిషి తాగినవాడిలాగే తూలతాడు, ముద్దముద్దగా మాట్లాడతాడు. పక్కనున్నవాళ్లు మత్తు అనుకుని పడుకోబెట్టేస్తారు. మీరూ మొదట అలాగే అనుకున్నారు. అందుకే మీ వారి విషయంలో వైన్ వద్దనే చెబుతాను. ఎప్పుడైనా తాగినా, కడుపులో కొంత తిండి పడ్డాకే.

మీ ఉత్తరంలో చెమట, మాట తడబడటం రాశారు గానీ చేతులు వణికాయనో, గుండె దడ వచ్చిందనో రాయలేదు. మెటోప్రొలాల్ ఆ రెండు లక్షణాలనూ కప్పిపెడుతుంది. చెమటను మాత్రం ఆపలేదు. కాబట్టి ఇకమీదట మీ వారికి కారణం లేకుండా చెమట పడితే వెంటనే గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కంటే తక్కువుంటే షుగర్ పడిపోయినట్టే. మీటర్ దగ్గర లేకపోతే పడిపోయిందనే అనుకుని గ్లూకోజ్ ఇచ్చేయండి. అయితే షుగర్ సరిగ్గా ఉండి మాట తడబడుతున్నా, షుగర్ పెరిగాక కూడా మాట సర్దుకోకపోయినా, మూతి వంకర పోయినా, ఒక చెయ్యి బలహీనపడినా అది పక్షవాతం కావచ్చు. ఒక్క నిమిషం కూడా ఆగకుండా 112కి ఫోన్ చేయండి. ఇటలీలోనూ, యూరప్ యూనియన్ దేశాలన్నిటిలోనూ అత్యవసర నంబరు అదే.

ఇక చక్కెర నీళ్లు ఆలస్యంగా పనిచేయడం సంగతి. ఆవిడ చేసింది మంచి పనే, చాలామందికి అది సరిపోతుంది కూడా. కానీ మీ వారి మాత్రలో వోగ్లిబోజ్ ఉంది. మనం కాఫీలో వేసుకునే పంచదార పేగుల్లో విడిపోతేనే రక్తంలోకి చేరుతుంది. ఆ విడిపోవడాన్నే వోగ్లిబోజ్ ఆలస్యం చేస్తుంది. అకార్బోజ్ కూడా అంతే. ఈ మందులు వాడేవాళ్లకు షుగర్ పడిపోతే నేరుగా గ్లూకోజే ఇవ్వాలి. మన దేశంలో ఈ మూడు మందుల మాత్ర వాడేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో కొంతమంది జేబులో చాక్లెట్ పెట్టుకుని తిరుగుతుంటారు. చాక్లెట్‌లో పంచదారతో పాటు కొవ్వు కూడా ఉంటుంది, అది ఇంకా నెమ్మదిగా అరుగుతుంది. మెడికల్ షాపులో దొరికే గ్లూకోజ్ బిళ్లలు గానీ, సీల్ తీయని గ్లూకోజ్ పొడి ప్యాకెట్ గానీ ఆయన జేబులో ఒకటి, మీ బ్యాగులో ఒకటి ఉండాలి. 15 గ్రాములు, అంటే పొడి అయితే సుమారు మూడు నాలుగు చెంచాలు నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాల తర్వాత మళ్లీ పరీక్షించండి. ఇంకా 70 దాటకపోతే అంతే మోతాదు మళ్లీ ఇవ్వండి. దాటాక భోజనం పెట్టండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి, 112కి ఫోన్ చేయండి. గ్లిమెపిరైడ్ ప్రభావం చాలా గంటలు ఉంటుంది. తేరుకున్నారు కదా అని వదిలేయకుండా పడుకునే ముందు, అర్ధరాత్రి ఒకసారి షుగర్ చూడాలి.

మాత్ర ఎప్పుడు వేసుకోవాలంటారా? జేబులో పెట్టుకుని వెళ్లి, పాస్తా ప్లేటు బల్ల మీదకు వచ్చాక మొదటి ముద్దతో వేసుకోవాలి. ఆ మూడు మందులకూ అదే సరైన సమయం. ఉదయం ఇంకా జాగ్రత్త. అక్కడ టిఫినంటే చాలామందికి ఒక కాపుచినో, ఒక తీపి బన్ను. అంతటితో మాత్ర వేసుకుని మ్యూజియం క్యూలో నిలబడితే మధ్యాహ్నానికి మళ్లీ ఇదే పరిస్థితి రావచ్చు. అబ్బాయి ఇంట్లో గుడ్డో, ఉప్మానో తిని బయల్దేరండి. మధ్యాహ్నం మూడు దాటితే చాలా చిన్న రెస్టారెంట్లు వంటగది మూసేస్తాయి, కాబట్టి బ్యాగులో తినడానికి ఏదైనా ఉంచుకోండి.

అలాగని భయపడి పాస్తా రెండు ప్లేట్లు తిననక్కర్లేదు. వెల్లుల్లి, మిరపతో వేయించిన చికోరియా అనే ఆకుకూర రోమ్‌లో చాలా చోట్ల దొరుకుతుంది. మన నాలుకకూ నచ్చుతుంది. అదీ, చేపో చికెనో ఒకటి, ఒక ప్లేటు పాస్తా ఇద్దరూ పంచుకుంటే సరిపోతుంది. అక్కడ పాస్తాను కాస్త పలుకుగా ఉడికిస్తారు, మెత్తగా ఉడికినదానికన్నా అది షుగర్‌ను నెమ్మదిగా పెంచుతుంది. కార్బొనారా అనే పాస్తాలో పంది మాంసం, పెకొరీనో చీజ్ రెండూ ఉప్పగా ఉంటాయి. బీపీ ఉంది కాబట్టి రుచి చూసి వదిలేస్తే మేలు. కూర్చోగానే అబ్బాయి చేత 'నాన్నకు షుగర్ ఉంది, ఆయనది ముందు తెండి' అని చెప్పించండి. ఇంటి పక్కన చిన్న రెస్టారెంట్‌లో ఉన్న సుఖమే అది, మరోసారి వెళ్లేసరికి వాళ్లే గుర్తుపెట్టుకుంటారు.

ప్రయాణానికి ముందు మీ డాక్టర్‌ను తప్పక కలవండి. ఈ సంఘటన గురించి వివరంగా చెప్పండి. హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష)తో పాటు క్రియాటినిన్ పరీక్ష చేయించండి, ఎందుకంటే కిడ్నీల పనితీరు తగ్గితే గ్లిమెపిరైడ్‌తో షుగర్ పడిపోయే ముప్పు పెరుగుతుంది. మోతాదు తగ్గించాలా, షుగర్‌ను అంతగా పడగొట్టని గ్లిప్టిన్ లాంటి మందుకు మారాలా అన్నది డాక్టరే నిర్ణయించాలి. మీ అంతట మీరు మాత్ర ఆపకండి. మందులన్నీ చేతి బ్యాగులోనే పెట్టుకోండి. ప్రిస్క్రిప్షన్ మీద కంపెనీ పేర్లతో పాటు మందుల అసలు పేర్లు కూడా రాయించుకోండి, అక్కడి ఫార్మసీలో ఇక్కడి కంపెనీ పేర్లు చెబితే అర్థం కాకపోవచ్చు.