పది నిమిషాలు కారు ఆపితే రైతుకు ఏం ఇబ్బంది?

సంక్రాంతికి కోనసీమ వెళ్ళి, కాలవ గట్టు రోడ్డు మీద ఫొటోల కోసం కాసేపు కారు ఆపితే ఊరివాళ్ళు ఎందుకంత కోప్పడ్డారని అడిగారు. వాళ్ళ కోపం న్యాయమే.

గ్రామ సడక్ యోజన రోడ్డు వెడల్పు మామూలుగా 3.75 మీటర్లు, వాహనాలు తక్కువ తిరిగే చోట 3 మీటర్లే. అందులో మీ కారే దాదాపు 1.75 మీటర్లు తీసుకుంటుంది. గడ్డి లోడు ట్రాక్టరుకు తొట్టి రెండు వైపులా గడ్డి బయటికి పొంగి ఉంటుంది, మిగిలిన సందులో పట్టదు. ఒకపక్క కాలవ, ఇంకోపక్క చేను. ఆ లోడుతో వెనక్కి పోవడమంటే ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

పైగా అవి దాళ్వా (రెండో పంట వరి) నాట్ల రోజులు. నాట్లకు ముందు మడిని బురదగా దున్నే దమ్ము ట్రాక్టరుకు గంట లెక్కన కిరాయి. కూలీలు పొద్దున్నే వచ్చి నారు కట్టల దగ్గర ఎదురుచూస్తుంటారు.

ఖాళీగా ఉంది కదా అని చాలామంది ఆపేది సరిగ్గా చేలోకి దిగే పుంత మొదట్లో. గడ్డి మొలిచి దారిలా కనపడదు, వంగి చూస్తే టైరు జాడలు ఉంటాయి.

దారికి అడ్డంగా బండి వదలడం 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 122 ప్రకారం కూడా తప్పే. ఊరి సెంటర్లో ఆపి నడిచి వెళ్ళండి. తప్పదనుకుంటే డ్రైవరు సీట్లో ఒకరు ఉండండి.