కడపలో ఇంటి హాలుకు లక్ష రూపాయల డాక్ అవసరమా?

కొత్త ఇంటి హాలుకు లక్ష పెట్టి డాక్ (డిజిటల్ పాటను స్పీకర్లకు పనికొచ్చే విద్యుత్ సంకేతంగా మార్చే పెట్టె) కొనొచ్చా అని అడిగారు. ముందు హాలు చూడండి. నాపరాళ్ల నేల, బోసి గోడలు, పైన స్లాబు. శబ్దం వాటికి తగిలి తిరిగొచ్చి పాటలో స్పష్టతను చెరిపేస్తుంది. దాన్ని ఏ డాకూ సరిచేయలేదు. మందపాటి తివాచీ, బరువైన పరదాలు, మంచి స్పీకర్లు: మొదటి డబ్బు వీటికే.

సీడీ నాణ్యత 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్, అంటే సెకనుకు 44,100 శబ్ద నమూనాలు. మనిషి చెవి అందుకునే 20 కిలోహెర్ట్జ్ దాకా అది చాలు. ఆ పనిని పది పదిహేను వేల డాకులే ఇప్పుడు శుభ్రంగా చేస్తున్నాయి. అంతకు మించి పెట్టే డబ్బుకు వచ్చేవి ఎక్కువగా సౌకర్యాలే: రిమోట్, ఎక్కువ ఇన్‌పుట్లు, ఎక్స్‌ఎల్‌ఆర్ అవుట్‌పుట్ (స్టూడియో పరికరాల్లో వాడే మూడు పిన్నుల కనెక్షన్). అవి కావాలంటే తీసుకోండి, వారంటీ మన దేశంలో చెల్లుతుందో లేదో కనుక్కుని. స్పీకర్లలో గుయ్‌మని మోత ఉంటే మాత్రం, డాక్ కొనేముందే ఇంటి ఎర్తింగ్‌ను ఎలక్ట్రీషియన్‌కు చూపించండి.