నాగజెముడు పురుగు వెదకబోయే అమ్మాయికి

చిరంజీవి అనూషకు పెదనాన్న ఆశీస్సులు.

నాగజెముడును తొలిచే పురుగు మీద పరిశోధనకు నీకు ఫ్లోరిడాలో సీటు వచ్చిందని మీ నాన్న చెప్పినప్పటి నుంచి, సంతోషంతో పాటు గుబులు కూడా నన్ను వదలడం లేదు. టోపీ, చేతొడుగులు, మంచినీళ్ళు మరువవద్దు. ఇసుక దిబ్బల్లో పాములుంటాయి కనుక ఒంటరిగా తిరగవద్దు.

నువ్వు వెదకబోయే పురుగు కాక్టోబ్లాస్టిస్ అనే చిమ్మటల ప్రజాతిది. అందులో ఉన్నవి ఐదే జాతులు, అన్నీ దక్షిణ అమెరికావే. వాటిలో కాక్టోరమ్ అనే దాన్ని 1925లో అర్జెంటీనా నుంచి ఆస్ట్రేలియాకు తీసుకుపోతే, లక్షల ఎకరాలను కమ్మేసిన నాగజెముడును కొన్నేళ్ళలోనే తినేసింది. అక్కడివారు దాని పేరిట 1936లో బూనార్గా అనే ఊళ్ళో ఒక సభాభవనమే కట్టుకున్నారు. అదే పురుగు 1989లో ఫ్లోరిడాలో కనబడింది. నాగజెముడు అక్కడి నేలకు సొంత మొక్క కనుక, ఆస్ట్రేలియాకు వరమైనది ఫ్లోరిడాకు శాపమైంది.

ఇక ఇదే పురుగును వెదికే రోజుల్లో నేను చేసిన తప్పు చెబుతాను, దీన్ని రెండుసార్లు చదువు. ఈ ఆడపురుగు డెబ్బై ఎనభై గుడ్లను బిళ్ళల్లా ఒకదానిపై ఒకటి పేర్చి, ముల్లు కొసకు అంటించి, సన్నని పుల్లలా నిలబెడుతుంది. చూపుకు అది కాస్త వంగిన ఎండు ముల్లే. ఒక సాయంత్రం తీరంలోని ఒక దిబ్బ మీద, వెలుగు తగ్గుతోందని తొందరపడి, పొదలను నిలబడే చూసి, పట్టికలో "పురుగు లేదు" అని రాసేశాను. నా రాతను నమ్మి రెండు నెలల పాటు ఆ దిబ్బకు ఎవరూ వెళ్ళలేదు. తిరిగి నేనే వెళ్ళేసరికి మట్టలు పసుపు తిరిగి, లోపలి కండంతా పోయి, ఎండకు అడ్డం పట్టుకుంటే వెలుతురు కనిపించే తొక్కలుగా మిగిలాయి. నారింజ రంగు ఒంటిపై నల్ల పట్టీలున్న పిల్లపురుగులు గుంపుగా పక్క మట్టలోకి పాకుతున్నాయి. ఆ దృశ్యం ఇప్పటికీ నాకు నిద్ర పట్టనివ్వదు.

కాబట్టి తల్లీ, మోకాళ్ళ మీద కూర్చుని ప్రతి ముల్లునూ భూతద్దంతో పక్క నుంచి చూడు. ముల్లు నున్నగా ఉంటుంది, గుడ్ల పుల్లకు కణుపుల్లాంటి గీతలుంటాయి. చూడనిదాన్ని "చూడలేదు" అనే రాయి. ఎవరు ఎంత తొందరపెట్టినా "లేదు" అని మాత్రం రాయకు. ఈ విషయంలో నువ్వు అలసత్వం చూపితే నేను ఊరుకోను.

ఆరేళ్ళప్పుడు మన చేని కంచె దగ్గర నాగజెముడు పండు కోయబోయి, చేతినిండా నూగుముళ్ళు గుచ్చుకుని రాత్రంతా నా ఒళ్ళోనే ఏడ్చావు. సన్నని పట్టకారు, అంటుకునే టేపు సంచిలో పెట్టుకో, ముళ్ళు పూర్తిగా తీసేదాకా ఆ చేత్తో కళ్ళు తుడుచుకోవద్దు.

మీ పెదనాన్న