ట్రైలర్ సేఫ్టీ చైను రోడ్డుకి రాసుకుంటే కేసవుతుందా?

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటాం. 5,000 పౌండ్ల ట్రావెల్ ట్రైలర్‌ని పికప్‌కి తగిలించుకుని యోసెమిటీ వెళ్తుంటే హైవే పెట్రోల్ వాళ్లు ఆపారు. సేఫ్టీ చైన్లు రోడ్డుకి రాసుకుంటున్నాయని టికెట్ ఇచ్చారు. కప్లర్ (ట్రైలర్ ముందు కొసన ఉండే బిగింపు) బాల్ (పికప్ వెనక ఉండే ఇనుప గుండు) మీద గట్టిగానే లాక్ అయి ఉంది. అయినా చైన్లు ఉండాల్సిందేనా? వాటి బదులు కేబుల్ వాడొచ్చా? టికెట్ సంగతి ఏం చేయాలి?

జవాబు: ఉండాల్సిందేనండీ. వెహికల్ కోడ్ సెక్షన్ 29004 ప్రకారం హిచ్‌కి (బండినీ ట్రైలర్‌నీ కలిపే అమరికకి) అదనంగా చైను గానీ, కేబుల్ గానీ, వాటికి సమానమైన సాధనం గానీ తగిలించాలి. కప్లర్ ఊడిన రోజున ట్రైలర్‌ని ఆపేది అదే కాబట్టి, లాక్ వేశామన్న వాదన నిలవదు. కేబుల్ నిక్షేపంగా వాడుకోవచ్చు. ఏది వాడినా హిచ్ విరిగితే ట్రైలర్‌ని అదుపులో ఉంచేంత బలం ఉండాలి, దారిలో కొక్కెం జారిపోకుండా క్లిప్ లాంటిది ఉండాలి, మలుపు తిరగడానికి అవసరమైన దానికి మించి వదులు ఉండకూడదు. మీ టికెట్ ఈ ఆఖరి దాని గురించే.

దీన్ని తేలిగ్గా తీసుకోకండి. రోడ్డుకి రాసుకునే ఇనుము నిప్పురవ్వలు రాలుస్తుంది. 2018 జులైలో షాస్టా కౌంటీలో ‘కార్ ఫైర్’ (Carr Fire) అనే కార్చిచ్చు మొదలైంది ఒక ట్రైలర్ టైరు పంక్చరై, రిమ్ము రోడ్డుకి ఒరుసుకోవడం వల్లే. 2,29,000 ఎకరాలకు పైగా కాలిపోయింది. నిర్లక్ష్యం వల్ల గానీ, చట్టాన్ని ఉల్లంఘించడం వల్ల గానీ నిప్పంటుకుంటే, హెల్త్ అండ్ సేఫ్టీ కోడ్ 13007 కింద ఆస్తి నష్టం, 13009 కింద మంటలార్పిన ఖర్చు మీ నుంచి రాబట్టవచ్చు. పైగా ఎవిడెన్స్ కోడ్ 669 ఉంది. అలాంటి ప్రమాదాన్ని నివారించడానికే పెట్టిన చట్టాన్ని మీరు ఉల్లంఘించి, దానివల్లే నష్టం జరిగిందని తేలితే, నిర్లక్ష్యం ఉన్నట్టే కోర్టు భావిస్తుంది. కాదని చూపించే భారం మీ మీద పడుతుంది.

పొడవు తగ్గించడానికి చైనుని మెలిపెట్టకండి. మెలిపడిన లింకులు బిగుసుకుపోయి, రాసి ఉన్న బలం కన్నా ముందే తెగుతాయి. ఎక్కువైన లింకులు కోయించండి. రెండు చైన్లనీ ట్రైలర్ నాలుక (ముందుకి పొడుచుకొచ్చిన భాగం) కింద అడ్డంగా, ఒకదాని మీదుగా ఒకటి దాటించి తగిలిస్తే, కప్లర్ ఊడినా నాలుక రోడ్డు మీద పడకుండా వాటి మీద ఆగుతుంది. కొక్కేలు రిసీవర్‌కి (బండి వెనక బిగించిన గొట్టానికి) ఉన్న రింగుల్లోనే వేయాలి. బాల్ మౌంట్‌కి (రిసీవర్‌లో దూర్చే, బాల్ ఉండే కడ్డీకి) వేస్తే అది ఊడొచ్చిన రోజున చైన్లూ దాంతోపాటే పోతాయి. ఒక్కో చైను తెగే బలం ట్రైలర్ మొత్తం బరువుకి తగ్గకుండా చూడండి. మీ 5,000 పౌండ్లకి పావు అంగుళం గ్రేడ్ 43 చైను చాలు, దాని వర్కింగ్ లోడ్ (సురక్షితంగా వేయదగ్గ భారం) 2,600 పౌండ్లు, తెగేది దానికి మూడింతల దగ్గర. కొక్కెం కూడా అంత బలమైనదే కావాలి, చాలామంది చైను చూసి కొక్కేన్ని వదిలేస్తారు. కేబుల్ అయితే పైతొడుగు కింద తుప్పు, చివర్ల దగ్గర తెగిన పోగులు వెతకండి. బ్రేక్‌అవే తీగని (ట్రైలర్ ఊడిపోతే దాని బ్రేకులు పడేలా చేసేదాన్ని) చైను కొక్కేనికి కట్టకుండా, బండికే విడిగా కట్టండి.

ఇక టికెట్. దాని మీద ‘కరెక్టబుల్ వయొలేషన్’ (సరిచేసుకోదగ్గ ఉల్లంఘన) దగ్గర ‘యెస్’ టిక్ చేసి ఉందేమో చూడండి. సెక్షన్ 40303.5 ఇలాంటి సామగ్రి లోపాలకు ఆ వీలు ఇస్తుంది, అయితే తక్షణ ప్రమాదం ఉందనుకుంటే అధికారి ఇవ్వకపోవచ్చు. టిక్ ఉంటే చైన్లు సరిచేసి, పోలీసు అధికారికి చూపించి వెనక సంతకం చేయించుకోండి. గడువు తేదీలోగా 25 డాలర్ల రుసుముతో కోర్టుకి ఇస్తే ఆ ఆరోపణ కొట్టేస్తారు. ‘నో’ అని ఉంటే మాత్రం డబ్బు కట్టేయకముందే ట్రాఫిక్ కేసులు చూసే వకీలుని కలవండి. సరిచేసిన చైన్ల ఫొటోలు, కొన్న రసీదు దగ్గర పెట్టుకోండి.