మా అబ్బాయి రగ్బీ కోచ్ అవుతానంటున్నాడు, ఏం చేయాలి?

ప్రశ్న: మాది గుంటూరు. నేను జర్మనీలో, వాల్‌డార్ఫ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. కాపురం హైడెల్‌బర్గ్‌లో. అబ్బాయికి పదిహేడేళ్లు. ఆరో ఏట ఇక్కడికి తీసుకొచ్చాం. గిమ్నాజియంలో, అంటే యూనివర్సిటీ చదువుకు పంపే హైస్కూల్లో చదువుతున్నాడు, లెక్కల్లో మంచి మార్కులే వస్తాయి. కానీ ఇన్ఫర్మాటిక్స్ (కంప్యూటర్ సైన్స్) చదవడట. ముందు రగ్బీ ఆటగాడు, ఆ తర్వాత కోచ్ అవుతాడట. రాబర్ట్ మోర్, ఆంటోన్ సెగ్నర్ లాంటి జర్మన్ రగ్బీ ఆటగాళ్లను చూపిస్తున్నాడు. మధ్యేమార్గంగా ప్రైవేటు కాలేజీలో స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ చేర్పిద్దామనుకుంటున్నాం. అబిటూర్ (స్కూలు చివరి పరీక్ష) అయ్యేదాకా క్లబ్బుకు వెళ్లొద్దని ఆపేశాను. ఈ మూడు దారుల్లో ఏది మంచిదో పోల్చి చెప్పండి. ఊళ్లో వాళ్లు అడిగితే ఏం చెప్పాలో కూడా తెలియడం లేదు.

జవాబు: ఆట పేరు మారుతుంది గానీ ఈ ఉత్తరం నాకు కొత్త కాదు. బ్యాడ్మింటన్ అని రాస్తారు, క్రికెట్ అని రాస్తారు, ఇప్పుడు మీరు రగ్బీ అన్నారు. పైకి అడిగేది కోర్సుల గురించే అయినా మీ అసలు టెన్షన్ చివరి వాక్యంలో ఉంది. ఇంత దూరం వచ్చి, ఇన్నేళ్లు కష్టపడి, చివరికి పిల్లాడు మనకు తెలియని దారిలో పోతున్నాడే అన్న బెంగ అది. అందులో తప్పేమీ లేదు. కానీ ఆ బెంగతో కాలేజీ ఎంచుకుంటే మాత్రం నష్టపోతారు.

ముందు మీ వాడు చూపించిన పేర్ల సంగతి. సెగ్నర్ ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆట మొదలుపెట్టి, స్కూలు వయసులోనే న్యూజిలాండ్ వెళ్లిపోయాడు. నెల్సన్ కాలేజీలో చదువుతూ ఆడి, తర్వాత ఆక్లండ్ బ్లూస్ జట్టు దాకా చేరాడు. మోర్ ఫ్రాన్స్ వెళ్లి లా రోషెల్ క్లబ్బుకు ఏళ్ల తరబడి ఆడాడు, ఆ జట్టుకు కెప్టెన్ అయ్యాడు. ఆట మానేశాక అదే క్లబ్బులో కొత్త ఆటగాళ్లను వెతికి తెచ్చే బాధ్యత తీసుకున్నాడు. ఇద్దరిలోనూ ఒక సంగతి గమనించారా? రగ్బీ ఆడి బతకడానికి ఇద్దరూ జర్మనీ వదిలి వెళ్లాల్సి వచ్చింది. జర్మనీ రగ్బీ లీగ్ అయిన బుండెస్‌లిగాలో ఆడే వాళ్లలో చాలామంది చదువుకుంటూనో, ఇంకో ఉద్యోగం చేసుకుంటూనో ఆడతారు. జర్మనీ పురుషుల పదిహేను మంది జట్టు ఇప్పటివరకు ఒక్క రగ్బీ ప్రపంచకప్‌లోనూ ఆడలేదు. సెగ్నర్ దారి పట్టాలంటే పదిహేడేళ్లకు ఇప్పటికే ఆలస్యమైంది. ఈ మాట మీ వాడికి నేనే సూటిగా చెబుతాను, బాధ పడినా సరే.

అయితే కోచింగ్ సంగతి వేరు. దానికి స్టార్ అయి ఉండక్కర్లేదు. మీ ఇంటికి దగ్గర్లోనే పాఠం ఉంది. జర్మనీలో రగ్బీకి పాత ఇల్లు హైడెల్‌బర్గే. రగ్బీ ఆడే అక్కడి రూడర్‌క్లబ్ (పేరుకు పడవల క్లబ్బు) 1872 నాటిది. అదే ఊళ్లో 2007లో హాన్స్-పీటర్ విల్డ్ అనే వ్యాపారి, కాప్రి-సన్ పానీయాల అధిపతి, సొంత డబ్బుతో ఒక రగ్బీ అకాడమీ పెట్టాడు. ఆటగాళ్లకు జీతాలు, కోచ్‌లకు ఉద్యోగాలు వచ్చాయి. 2017 ఫిబ్రవరిలో జర్మనీ ఓఫెన్‌బాఖ్‌లో రొమేనియాను 41–38తో ఓడించింది. ఆ దేశంలో రగ్బీని ప్రేమించేవాళ్లు ఆ రోజును మరచిపోలేరు. అదే ఏడాది నవంబరుకి జర్మన్ రగ్బీ సమాఖ్యకూ అకాడమీకీ గొడవ ముదిరి, ప్రధాన ఆటగాళ్లు చిలీతో మ్యాచ్ ఆడబోమని కూర్చున్నారు. 2018లో జట్టు మళ్లీ కూడి, మార్సెయ్‌లో ప్రపంచకప్ చివరి అర్హత పోటీల్లో కెన్యానూ హాంకాంగ్‌నూ గెలిచి, కెనడా చేతిలో ఓడి ఆగిపోయింది. విల్డ్ ఇచ్చే డబ్బు కూడా ఆగిపోయింది. ఆ డబ్బు మీద నడిచిన ఉద్యోగాలకు ఆధారం పోయింది.

నేను ఇదంతా మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. ఒకే దాత మీదో ఒకే క్లబ్బు మీదో నిలబడిన కోచ్ జీతం ఎంత పెళుసుగా ఉంటుందో మీ వాడికి తెలియాలి. అక్కడ నిలదొక్కుకున్న కోచ్‌లలో చాలామందికి రెండో ఆధారం ఒకటి ఉంటుంది. బడిలో టీచరుగానో, ఫిజియోథెరపిస్టుగానో, ఆఫీసులోనో పనిచేసి సాయంత్రం మైదానానికి వస్తారు. అలా రెండు పనులు చేయడాన్ని అక్కడ ఓటమిగా ఎవరూ చూడరు. క్లబ్బులో పిల్లలకు శిక్షణ ఇచ్చి సంపాదించే చిన్న మొత్తానికి ప్రభుత్వమే పన్ను మినహాయింపు ఇస్తుంది. 2021లో దాన్ని ఏడాదికి 3,000 యూరోలకు, 2026లో 3,300కి పెంచారు. ఒకప్పుడు దేశానికి ఆడిన మార్క్ కూల్‌మన్ తర్వాత జాతీయ జట్టుకే కోచ్ అయ్యాడు. కానీ జాతీయ కోచ్ కుర్చీ దేశమంతటికీ ఒక్కటే, దాన్ని నమ్ముకుని చదువు ఎంచుకోకూడదు.

ఇక మీ మధ్యేమార్గం. దీని గురించి కాస్త ఎక్కువే మాట్లాడాలి, ఎందుకంటే ఈ మధ్య ప్రతి తల్లీ తండ్రీ ఇదే అడుగుతున్నారు. స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ అన్న పేరు వినడానికి రెండు వైపులా బాగుంటుంది. పిల్లాడికి స్పోర్ట్స్ అని వినపడుతుంది, మీకు మేనేజ్‌మెంట్ అని వినపడుతుంది. అందుకే అమ్ముడవుతోంది. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చదువు దాదాపు ఉచితంగా దొరికే దేశంలో, నెలనెలా ఫీజు కట్టి ఈ డిగ్రీ తీసుకున్నవాడు చివరికి ఏం చేయాలి? మార్కెటింగ్, టికెట్లు, స్పాన్సర్లు. అవి చాలావరకు ఫుట్‌బాల్ క్లబ్బుల దగ్గరున్న ఉద్యోగాలు, వాటికి మామూలు బిజినెస్ డిగ్రీ ఉన్నవాళ్లూ పోటీకి వస్తారు. ఈ డిగ్రీతో కోచింగ్ లైసెన్సు రాదు. మైదానంలో పదిమంది పిల్లల్ని నిలబెట్టి ట్యాకిల్, అంటే ఎదుటివాడిని పట్టి పడేయడం, ఎలా చేయాలో నేర్పడం క్లాసురూములో రాదు. బాగా చేసే కాలేజీలు లేవని అనను. అయినా పిల్లాడి కోరికకూ మీ భయానికీ రాజీ కుదర్చడం కోసమే డిగ్రీ కొనడం నాకు నచ్చదు. మూడేళ్ల తర్వాత వాడు మళ్లీ ఇదే ప్రశ్నతో మీ ముందు నిలబడతాడు, అప్పటికి ఫీజులు పోయి ఉంటాయి.

ఆటను వృత్తిగా చదవాలంటే కొలోన్‌లో జర్మన్ స్పోర్ట్ యూనివర్సిటీ ఉంది, ప్రభుత్వానిది. అక్కడ శారీరక అర్హత పరీక్ష గట్టిది. రగ్బీ బలం ఒక్కటే సరిపోదు, ఈత, జిమ్నాస్టిక్స్, పరుగు అన్నీ ఉంటాయి. అదే ఊళ్లో ట్రైనర్ అకాడమీ ఉంది, అది అనుభవమున్న కోచ్‌లకు, అంటే చాలా తర్వాతి మెట్టు. నేనైతే ముందు మీ ఊళ్లోనే చూడమంటాను. హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో స్పోర్ట్, లెక్కలు రెండూ తీసుకుని గిమ్నాజియం టీచరు కావచ్చు. దానికీ అర్హత పరీక్ష ఉంది, చదువయ్యాక బడిలో శిక్షణ కాలం ఉంది. లెక్కల టీచరుకు పని దొరకదన్న భయం నాకు లేదు. సాయంత్రాలూ శనివారాలూ రగ్బీకి మిగులుతాయి. ఇన్ఫర్మాటిక్స్ చదివినా కోచ్ కావచ్చు, అందులో నాకు అభ్యంతరం లేదు. మీ కోసమే చదివితే మాత్రం మధ్యలో వదిలేస్తాడు.

పాస్‌పోర్టు విషయం కూడా ఇప్పుడే కూర్చుని మాట్లాడుకోండి. రగ్బీ నిబంధనల ప్రకారం పౌరసత్వం లేకున్నా పదిహేను మంది జట్టుకు ఆడే వీలుంది, ఆ షరతులు మీ వాడికి ఎలా వర్తిస్తాయో జర్మన్ రగ్బీ సమాఖ్యలో కనుక్కోండి. కానీ ఒలింపిక్స్‌లో ఆడేది సెవెన్స్, అంటే ఏడుగురి రగ్బీ. దానికి జర్మన్ పౌరసత్వం కావాలి. సైన్యం క్రీడాకారులకిచ్చే ఉద్యోగానికీ అంతే. 2024 నుంచి జర్మనీ రెండు పౌరసత్వాలు ఒప్పుకుంటోంది, మన దేశం ఒప్పుకోదు. భారత పాస్‌పోర్టు వదలాలా అన్నది ఇంటి నిర్ణయం. పిల్లాడిని ఎదురుగా కూర్చోబెట్టుకుని తీసుకోండి.

ఇప్పుడు కొంచెం కటువుగా మాట్లాడతాను, ఏమనుకోకండి. క్లబ్బు ఆపించడం తప్పు సార్. మార్కులు తగ్గాయని మీరు రాయలేదు. తగ్గకుండానే ఎందుకు ఆపారు? భయమేసింది కాబట్టి. పదిహేడేళ్ల పిల్లాడికి ఆ ఊళ్లో స్నేహితులు, భాష, గౌరవం అన్నీ ఆ క్లబ్బులోనే ఉన్నాయి. అవన్నీ ఒక్కసారిగా లాగేస్తే చదువు మీద ఏకాగ్రత పెరగదు, మీ మీద కోపం పెరుగుతుంది. ఊళ్లో వాళ్లకు ఏం చెప్పాలని అడిగారు. జర్మనీలో చదువుకుంటున్నాడు, చిన్నపిల్లలకు ఆట నేర్పుతున్నాడు అని చెప్పండి, అంతే. వాళ్లకు అంతకంటే వివరం అవసరం లేదు, వాడి జీవితం వాళ్లు బతకరు.

దెబ్బల గురించి మీ ఇంటావిడకు భయం ఉండే ఉంటుంది. ఆ భయం న్యాయమైనదే. తలకు దెబ్బ తగిలితే డాక్టరు ఒప్పుకునేదాకా మైదానంలోకి రానివ్వమని కోచ్‌తో ఆవిడే నేరుగా మాట్లాడాలి. మంచి క్లబ్బులో ఆ ప్రశ్నకు ఎవరూ విసుక్కోరు.

పోల్చి చెప్పమన్నారు, నా మాట మీకు అర్థమయ్యే ఉంటుంది. టీచరు దారి మొదట, ఇన్ఫర్మాటిక్స్ వాడికి ఇష్టమైతేనే, మేనేజ్‌మెంట్ డిగ్రీ వద్దు. ఏ దారి పట్టినా మీ వాడు ఆకలితో ఉండడు, ఈ ఒక్క విషయంలో మీరు ధైర్యంగా ఉండండి. లెక్కలు వచ్చి, జర్మన్ మాతృభాషలా మాట్లాడి, ఒక జట్టుతో కలిసి మెలిసి ఉండగల పిల్లాడు ఆ దేశంలో దారి తప్పడు. మీరు గుంటూరు నుంచి వాల్‌డార్ఫ్ వెళ్లినప్పుడు ఇందులో సగం కూడా మీ చేతిలో లేదు.

ఈ వారమే క్లబ్బుకు పంపించండి. ఎనిమిదేళ్ల, పదేళ్ల పిల్లల జట్టుకు సహాయకుడిగా ఉంటానని వాడినే అడగమనండి. కోచ్‌ల తొలి మెట్టైన ట్రైనర్-సి లైసెన్సు 120 పాఠాల కోర్సు, ఎప్పుడు చేరవచ్చో రాష్ట్ర రగ్బీ సంఘంలో కనుక్కోమనండి. ఒక చలికాలం మొత్తం వానలో, బురదలో చిన్నపిల్లల వెనక పరుగెత్తాక కూడా ఇదే కావాలంటే, అప్పుడు నాకు వాడినే ఉత్తరం రాయమనండి.